నొప్పి వార్తను దారిలోనే ఆపవచ్చా?

పిల్లలూ! గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి తీత, మిరప కోత తెలియనివాళ్ళు ఉండరు. ఎండి విచ్చుకున్న పత్తికాయ మొన వేలికి గుచ్చుకుంటే ఏమవుతుంది? చురుక్కుమంటుంది. మరుక్షణమే చెయ్యి వెనక్కు లాక్కుంటాం. మిరపకాయల తొడిమలు రోజంతా తీసినవాళ్ళ సంగతి వేరు. పని చేస్తున్నంతసేపూ పెద్దగా తెలియదు. ఇంటికి వచ్చాక వేళ్ళు మెల్లగా మండటం మొదలవుతుంది. రాత్రి నిద్ర పట్టనివ్వదు.

ఒకే వేలికి రెండు రకాల నొప్పులు! ఈ రెండూ ఒకే దారిలో మెదడుకు చేరుతున్నాయా? ఆ దారి ఎట్లాంటిది? దానికి మధ్యలో అడ్డుకట్ట వేయవచ్చా? ఈ ప్రశ్నలకు జవాబు దొరకబట్టే ఈనాడు మోకాలి కీలు మార్చినా, కడుపు కోసి కుట్టినా, రోగి మరునాడే లేచి కూర్చోగలుగుతున్నాడు. ఆ కథేమిటో చూద్దాం.

రెండు దారులు

మన శరీరమంతటా నాడులు వ్యాపించి ఉన్నాయి. పల్లెల్లో 'నరం' అన్నమాటను రక్తనాళానికీ, కండరాన్ని ఎముకకు అంటిపెట్టే తాడుకూ కూడా వాడతారు. ఇక్కడ మనం మాట్లాడేది వార్తలు మోసే నాడిని గురించి మాత్రమే. నాడి అంటే ఒక్క పోగు కాదు. పత్తి నూలు పోగులు అనేకం కలిసి తాడు అయినట్లు, వేలాది సన్నని నాడీతంతువులు కలిసి ఒక నాడి అవుతుంది. తొడ వెనుకగా పాదానికి దిగే పెద్ద నాడి చిటికెన వేలంత లావుంటుంది.

ఈ తంతువుల్లో అన్నీ ఒక రకం కావు. కొన్ని స్పర్శను మోస్తాయి. కొన్ని కండరాలకు 'కదులు' అనే ఆజ్ఞను తీసుకుపోతాయి. నొప్పిని మోసేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకానికి పైన కొవ్వుతో కూడిన పల్చని తొడుగు ఉంటుంది. వీటిలో వార్త సెకనుకు సుమారు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పోతుంది. రెండో రకం మరీ సన్నవి, తొడుగు లేనివి. వీటిలో వేగం సెకనుకు 1 మీటరు అటూ ఇటూ. అంటే మనం తీరికగా నడిచే వేగమన్నమాట!

కాలి బొటనవేలి నుంచి వెన్నుపాము వరకు దూరం సుమారు 1 మీటరు అనుకోండి. రాయి తగిలితే మొదటి వార్త సెకనులో ఐదోవంతు లోపలే చేరుతుంది. రెండోది చేరటానికి ఒక సెకను పడుతుంది. అందుకే ముందు 'చురుక్కు', ఆ తర్వాత 'సలుపు'. ఈసారి కాలికి దెబ్బ తగిలినప్పుడు గమనించండి. పత్తికాయ మొన ముఖ్యంగా మొదటి దారిని తట్టిలేపుతుంది. మిరప మంట ముఖ్యంగా రెండో దారిన నడుస్తుంది.

వార్త ఎట్లా పరుగెడుతుంది?

నాడిలో వార్త పోవటమంటే కరెంటు తీగలో విద్యుత్తు పోయినట్లు కాదు. నాడీతంతువు చుట్టూ ఒక పల్చని పొర ఉంటుంది. పొర బయట సోడియం అయాన్లు ఎక్కువ, లోపల తక్కువ. ఏ వార్తా లేనప్పుడు పొర లోపలి వైపు బయటికంటె సుమారు 70 మిల్లీవోల్టులు ఋణావేశంతో ఉంటుంది.

ఈ పొరలో సోడియం కోసమే ఏర్పడిన చిన్నచిన్న ద్వారాలున్నాయి. మామూలుగా అవి మూసి ఉంటాయి. ఒకచోట ప్రేరణ కలగగానే అక్కడి ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి. అక్కడ ఆవేశం తారుమారవుతుంది. ఆ తారుమారు పక్కనున్న ద్వారాలను తెరిపిస్తుంది. అవి వాటి పక్కవాటిని తెరిపిస్తాయి. కాలవ మీద వరుసగా తూములున్నాయనుకోండి. ఒక తూము తెరవగానే వచ్చిన ఒరవడికి తర్వాతి తూము దానంతటదే తెరుచుకుంటే ఎట్లా ఉంటుంది? నాడిలో వార్త అట్లాగే సాగుతుంది.

ఇందులో మనకు పనికివచ్చే విషయం ఒకటి ఉన్నది. వరుసలో కొన్ని తూములను కదలకుండా బిగిస్తే చాలు, వార్త అక్కడే ఆగిపోతుంది. గాయం దగ్గర మనమేమీ చేయనక్కరలేదు. మెదడును నిద్రపుచ్చనక్కరలేదు. దారి మధ్యలో ఒకచోట అడ్డుకట్ట వేస్తే సరి!

మీకు తెలిసిన అడ్డుకట్ట

ఇది మీకు కొత్త అనుభవమేమీ కాదు. బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది కదా! గిల్లినా సరిగా తెలియదు. లేచి నిలబడబోతే కాలు మడత పడుతుంది. ఒత్తిడి వల్ల నాడిలో వార్తల రాకపోకలు కాసేపు నిలిచిపోయాయన్నమాట. కాలు కాలులాగే ఉన్నది, మెదడు మెదడులాగే ఉన్నది. మధ్యదారి మాత్రమే మూతపడింది.

ఇంకొకటి చూడండి. మోచేతి లోపలి అంచు బల్లకు తగిలితే చిటికెన వేలు జిల్లుమంటుంది. దెబ్బ మోచేతికి, జిల్లు వేలికి! ఆ నాడి మోచేతి దగ్గర చర్మానికి బాగా దగ్గరగా పోతున్నది. మధ్యదారిలో పుట్టిన వార్తను కూడా మెదడు 'వేలి నుంచి వచ్చింది' అనే అనుకుంటుంది. దీన్నిబట్టి ఏ నాడి ఎక్కడ పోతున్నదో, ఏ భాగం వార్తలు మోస్తున్నదో తెలిసినవాడు ఆ భాగాన్ని దూరం నుంచే మొద్దుబార్చగలడని తెలుస్తున్నది.

నాడి పక్కన మందు ఉంచి, కావాలని తెప్పించే తిమ్మిరినే ఆస్పత్రుల్లో 'నెర్వ్ బ్లాక్' అంటారు. మనం 'నాడీ అవరోధం' అందాం.

మెలకువ వచ్చాక సంగతి ఏమిటి?

'ఆపరేషను చేసేటప్పుడు ఎట్లాగూ మత్తు ఇస్తారు కదా, మళ్ళీ ఇదెందుకు?' అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న.

మత్తు ఇచ్చే విద్యలో మన హైదరాబాదుకు చరిత్ర ఉన్నది. 1888, 1889 సంవత్సరాల్లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించగా, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫారం ఎంతవరకు క్షేమమో తేల్చటానికి అక్కడ పెద్ద ఎత్తున ప్రయోగాలు జరిగాయి. అక్కడి వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరుగా పేరు పొందారు.

క్లోరోఫారం రోగిని నిద్రపుచ్చింది. కాని నిద్ర లేచాక? కోత అక్కడే ఉన్నది. తెగిన కణజాలం నుంచి ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలు ఊరుతాయి. అవి చుట్టుపక్కల నాడి కొసలను మరింత సున్నితం చేస్తాయి. ఎండకు కమిలిన వీపు మీద గోరువెచ్చని నీళ్ళు పోసినా సలసల కాగే నీళ్ళు పోసినట్లుంటుంది కదా! కోత చుట్టూ అట్లాంటి స్థితే ఏర్పడుతుంది. దగ్గితే నొప్పి, నవ్వితే నొప్పి, పక్కకు తిరిగితే నొప్పి.

మరో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. రోగి మత్తులో ఉన్నప్పుడు మెదడుకు నొప్పి తెలియదు గాని, నొప్పి వార్తలు నాడుల వెంట వెన్నుపాముకు చేరుతూనే ఉంటాయి. ఎడతెరిపి లేకుండా వార్తలు వచ్చిపడితే వెన్నుపాములోని కణాలు అతిగా స్పందించటం నేర్చుకుంటాయి. క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు 1983లో ఎలుకల మీద పరిశోధన చేసి దీన్ని చూపించాడు. కొందరిలో కోత మానిన తర్వాత కూడా నెలల తరబడి నొప్పి మిగిలిపోవటానికి ఇది ఒక కారణమని భావిస్తున్నారు.

నొప్పి ఓర్చుకోవటం గొప్పా?

మన ఇళ్ళల్లో 'ఆపరేషనన్నాక నొప్పి ఉండదా? ఓర్చుకోవాలి' అంటారు. ఓర్పు మంచి గుణమే. కాని ఇక్కడ ఓర్పు వల్ల కలిగే నష్టం చూడండి.

కడుపు పైభాగంలోగాని, రొమ్ములోగాని పెద్ద కోత పడినవాడు నొప్పికి భయపడి నిండుగా గాలి పీల్చడు. దగ్గు వచ్చినా బిగపట్టుకుంటాడు. ఊపిరితిత్తుల అడుగున గాలి ఆడదు, కఫం పేరుకుంటుంది. అక్కడ నెమ్ము చేరవచ్చు. కదలకుండా పడుకున్నవాడి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు కొట్టుకుపోతే ప్రాణం మీదకు వస్తుంది. మోకాలి కీలు మార్పించుకున్నవాళ్ళు మొదటి రోజుల నుంచే కాలు వంచటం, చాచటం చేయాలి. నొప్పికి జడిసి ఊరుకుంటే కొత్త కీలు బిగుసుకుపోతుంది. లక్షలు పోసి చేయించుకున్న ఆపరేషను వృథా!

నొప్పి మనకు శత్రువు కాదు. 'ఇక్కడ ప్రమాదం ఉన్నది' అని చెప్పే కావలివాడు. కాని వైద్యుడు వచ్చి, ప్రమాదం గుర్తించి, చక్కదిద్దిన తర్వాత కూడా కావలివాడు అరుస్తూనే ఉంటే? అప్పుడు వాడి అరుపే రోగికి అపాయం.

మార్ఫిన్ వంటి మందులు నొప్పిని బాగా తగ్గిస్తాయి. కాని అవి రక్తంలో కలిసి శరీరమంతా తిరుగుతాయి. వాంతులు, మలబద్ధకం, మగత కలిగిస్తాయి. మోతాదు మించితే శ్వాసను మందగింపజేస్తాయి. నాడీ అవరోధం అట్లా కాదు. నొప్పి ఉన్నచోటి వార్తను మాత్రమే ఆపుతుంది. అందువల్ల మార్ఫిన్ అవసరం తగ్గుతుంది. ఒక్కొక్కసారి అసలు ఉండదు.

నొప్పిని తేలికగా తీసుకోవటం ఎంత తప్పో పసిపిల్లల సంగతి చెబుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డలకు నొప్పి అంతగా తెలియదని ఒకప్పుడు చాలామంది వైద్యులు నమ్మేవారు. చాలినంత నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు జరిగేవి. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన భారతీయ వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో దీన్ని పరీక్షించారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఆపరేషనులో బలమైన నొప్పి మందు కూడా ఇచ్చి చూశారు. అట్లా మందు పొందిన బిడ్డలే బాగా కోలుకున్నారు. చెప్పలేనివాళ్ళకు నొప్పి లేదనుకోరాదని లోకానికి తెలిసివచ్చింది.

ఆకు నుంచి సూది వరకు

సోడియం తూములను బిగించే మందు మొదట దక్షిణ అమెరికాలోని కోకా ఆకులో దొరికింది. ఆ ఆకు నమిలితే నాలుక మొద్దుబారుతుందని అక్కడివాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. అందులోని కొకైన్‌ను 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కంటి ఆపరేషనులో ఉపయోగించి చూపించాడు. రోగి మేలుకొనే ఉన్నాడు, కన్నుకు మాత్రం నొప్పి లేదు! వెంటనే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ నాడుల పక్కన కొకైన్ ఎక్కించి చేతిని, దవడను మొద్దుబార్చాడు. నాడీ అవరోధం అట్లా మొదలయింది. కాని తనమీదే ప్రయోగాలు చేసుకున్న హాల్‌స్టెడ్ ఆ మందుకు బానిస అయిపోయాడు.

1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో మందు ఎక్కించి నడుము కిందిభాగమంతా మొద్దుబార్చాడు. ఇక కావలసింది వ్యసనం కలిగించని మందు. అట్లాంటి ఒక మందు 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ చేతిలో తయారయింది. బార్లీలో ఉండే ఒక పదార్థం మీద పరిశోధన చేస్తుండగా, దానికి చుట్టమైన ఒక పదార్థం నాలుకను మొద్దుబార్చటం గమనించి, ఆ జాడ పట్టుకుని పోతే ఈ మందు దొరికింది. అదే లిగ్నోకైన్. పన్ను పీకే ముందు చిగురుకు సూది వేస్తారే, ఆ మందు సాధారణంగా ఇదే. దీని ప్రభావం గంట, రెండు గంటలు. ఆ తర్వాత వచ్చిన బుపివకైన్ నాడి పక్కన ఉంచితే పన్నెండు గంటలు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువసేపు పనిచేస్తుంది.

ఈ మందు తూమును ఎట్లా మూస్తుంది? దీని అణువులు రెండు రూపాల్లో ఉంటాయి. ఆవేశం లేని రూపం కొవ్వులో కరుగుతుంది, కాబట్టి నాడి పొర దాటి లోపలికి పోగలదు. లోపలికి పోయాక అది హైడ్రోజన్ అయాన్‌ను కలుపుకుని ధనావేశం పొందుతుంది. ఆ రూపంలో తూముకు లోపలి వైపు నుంచి అడ్డం పడుతుంది. అంటే దొంగ గోడ దాటి లోపలికి పోయి, తలుపుకు లోపలి గడియ పెట్టినట్లు!

ఇందులో మీ రసాయనశాస్త్ర పాఠం దాగి ఉన్నది. చీము పట్టిన చోట ఆమ్లత్వం ఎక్కువ. ఆమ్లంలో మందు బయటే ధనావేశం పొందుతుంది. ఆవేశమున్న రూపం పొర దాటలేదు. అందుకే చీము పట్టిన పంటి దగ్గర మందు సరిగా పట్టదు.

ఏ నాడి దగ్గర సూది?

మెడ ఎముకల మధ్య నుంచి బయటికి వచ్చే ఐదు నాడీమూలాలు భుజం దగ్గర జడలాగా అల్లుకుని చేతికి దిగుతాయి. ఆ జడ పక్కన మందు ఉంచితే చెయ్యంతా మొద్దుబారుతుంది. యంత్రంలో పడి నలిగిన చేతిని గంటల తరబడి కూర్చి కుట్టవలసి వచ్చినప్పుడు ఇది ఎంతో అక్కరకు వస్తుంది. పైగా అవరోధం వల్ల చేతి రక్తనాళాలు వ్యాకోచించి, కుట్టిన భాగానికి రక్తం బాగా అందుతుంది.

మోకాలి ఆపరేషను తర్వాత తొడ లోపలి వైపు నాడిని ఆపుతారు. కడుపు కోతకు పొట్ట కండరాల పొరల మధ్య మందు పరుస్తారు. ఆ సందులోనే పొట్ట గోడకు వచ్చే నాడులు పోతుంటాయి. రొమ్ము, కడుపుల్లో మరీ పెద్ద ఆపరేషన్లయితే వెన్నుపూసల మధ్య నుంచి, వెన్నుపాము పొరకు బయట, సన్నని గొట్టం అమర్చి రెండు మూడు రోజులు మందు చుక్కచుక్కగా పంపుతారు. ఇట్లాంటి గొట్టాన్ని కాలు, చేతి నాడుల పక్కన కూడా ఉంచవచ్చు.

మన గుంటూరులోనే 2017లో జరిగిన ఒక ఆపరేషను పత్రికల కెక్కింది. మెదడులో కంతి ఉన్న రోగికి మెలకువలో ఉంచి, 'బాహుబలి' సినిమా చూపిస్తూ ఆపరేషను చేశారు. మెదడు కోస్తుంటే నొప్పి ఉండదా? ఉండదు! నొప్పులన్నీ తెలుసుకునే మెదడుకు తన నొప్పి తెలిపే నాడి కొసలు లేవు. నొప్పి పుట్టేది ముఖ్యంగా తల చర్మంలోను, మెదడును కప్పిన పొరలోను. ఇట్లాంటి ఆపరేషన్లలో తల చర్మానికి వచ్చే నాడులను మందుతో ఆపుతారు. రోగి మాట్లాడుతూ, చేతులు కదుపుతూ ఉంటే, ముఖ్యమైన భాగాలకు దెబ్బ తగలకుండా వైద్యులు జాగ్రత్తపడతారు.

సూది నాడి పక్కకే చేరిందని ఎట్లా తెలుస్తుంది? పూర్వం ఎముకల గుర్తులు పట్టుకుని, సూది తగిలి 'జిల్లుమంటున్నది' అని రోగి చెప్పేదాకా వెతికేవారు. 1994లో వియన్నా వైద్యులు అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ మందు ఎక్కించే పద్ధతి చూపించారు. మన చెవి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వనిని వినలేదు. ఈ యంత్రం 50 లక్షల నుంచి 1.5 కోట్ల కంపనాల ధ్వనిని పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనితో బొమ్మ కడుతుంది. గబ్బిలం చీకట్లో దారి వెతుక్కునే ఉపాయమే! తెర మీద చాలా నాడులు అడ్డుకోసిన తేనెపట్టులాగా కనిపిస్తాయి. సూది మొన రావటం, మందు నాడి చుట్టూ పరుచుకోవటం కళ్ళారా చూడవచ్చు.

జాగ్రత్తలు, అపోహలు

ఏ మందుకైనా హద్దు ఉన్నది. సోడియం తూములు గుండెలోను, మెదడులోను కూడా ఉన్నాయి. మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే నోరు తిమ్మిరెక్కటం, చెవుల్లో హోరు, ఆపైన మూర్ఛ, గుండె లయ తప్పటం జరగవచ్చు. అందుకే రోగి బరువును బట్టి మోతాదు లెక్కకడతారు. కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ, గుండెను యంత్రంతో కనిపెడుతూ ఉంటారు. ఈ అపాయానికి విరుగుడును గై వైన్‌బర్గ్ 1998లో ఎలుకల్లో చూపించాడు. సోయా నూనెతో చేసిన తెల్లని ద్రవాన్ని రక్తంలోకి ఎక్కించటమే ఆ విరుగుడు. కొవ్వులో కరిగే మందును ఆ నూనె బిందువులు పట్టుకుపోయి గుండెను తేరుకోనిస్తాయి.

తిమ్మిరెక్కిన కాలు మడతపడినట్లే, నాడీ అవరోధం ఉన్న కాలు కూడా మోసం చేయవచ్చు. కాబట్టి సాయం లేకుండా లేవరాదు. మొద్దుబారిన చేతిని వేడి గిన్నెలకు దూరంగా ఉంచాలి. మందు ప్రభావం పోగానే నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడవచ్చు. అందుకే అది పోకముందే మాత్రలు మొదలుపెడతారు.

'నడుముకు సూది వేస్తే జీవితాంతం నడుం నొప్పి' అనే మాట ఊరూరా వినిపిస్తుంది. సూది వేసినచోట కొన్నాళ్ళు నొప్పి ఉండవచ్చు. కాని కాన్పులో సూది వేయించుకున్నవాళ్ళనూ, వేయించుకోనివాళ్ళనూ పోల్చి చూసిన పరిశోధనల్లో, దీర్ఘకాలపు నడుం నొప్పి సూది వల్ల పెరిగినట్లు తేలలేదు. కాన్పు తర్వాత నడుం నొప్పి సూది లేకపోయినా చాలామందికి వస్తుంది. నాడికి శాశ్వతంగా హాని కలగటం చాలా అరుదు.

మిరపకాయ ఇచ్చిన తాళంచెవి

ఇంకా ఒక చిక్కు మిగిలింది. మందు నొప్పి తంతువులనే కాక, స్పర్శను, కదలికను మోసే తంతువులను కూడా ఆపుతుంది. నొప్పిని మాత్రమే ఆపి, కాలిలో బలం అట్లాగే ఉంచగలిగితే ఎంత బాగుండును!

ఇప్పుడు మళ్ళీ మిరపకాయ దగ్గరకు రండి. దాని ఘాటుకు కారణం కాప్సైసిన్ అనే పదార్థం. కాయలో గింజలు అంటుకుని ఉండే తెల్లని భాగంలో ఇది ఎక్కువ. నొప్పి తంతువుల కొసల మీద వేడిని కనిపెట్టే ప్రత్యేక ద్వారం ఒకటి ఉన్నది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే అది తెరుచుకుంటుంది. కాప్సైసిన్ తగిలినా అదే ద్వారం తెరుచుకుంటుంది. వేలు కాలకపోయినా 'కాలుతున్నది' అనే వార్త మెదడుకు పోతుంది. మిరప మంట నిజంగా మంట కాదు, తప్పుడు తంతి! అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ ద్వారాన్ని కనిపెట్టింది. 2021లో ఆయన, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. పక్షుల్లో ఈ ద్వారం కాప్సైసిన్‌కు లొంగదు. చిలుకలు మిరపపండ్లను హాయిగా తినటంలో మర్మం ఇదే.

ఈ ద్వారం ముఖ్యంగా నొప్పి తంతువుల మీదే ఉంటుంది, కండరాలను కదిలించే తంతువుల మీద ఉండదు. 2007లో అలెగ్జాండర్ బిన్‌ష్టాక్, బ్రూస్ బీన్, మనం పైన చెప్పుకున్న క్లిఫర్డ్ వూల్ఫ్ ఒక ఉపాయం పన్నారు. లిగ్నోకైన్‌కు చుట్టమైన ఒక మందు ఎప్పుడూ ఆవేశంతోనే ఉంటుంది. కాబట్టి మామూలుగా నాడి పొర దాటలేదు. కాప్సైసిన్‌తో నొప్పి తంతువుల ద్వారం తెరిచి, ఆ దారిన ఈ మందును లోపలికి పంపారు. మిరపకాయ తాళంచెవి అయింది! ఎలుకలకు కాలిలో నొప్పి తెలియలేదు, కాలు మాత్రం మామూలుగా కదిలింది. ఇది ఇంకా ఆస్పత్రుల్లో వాడుకలోకి రాలేదు. కాని దారి కనిపించింది.

మరో దారి కూడా తెరుచుకున్నది. సోడియం తూముల్లో ముఖ్యంగా నొప్పి తంతువుల్లోనే ఉండే రకం ఒకటి ఉన్నది. దాన్నే మూసే సుజెట్రిజిన్ అనే మాత్రకు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి లభించింది.

మీ ఇంట్లో ఎవరికైనా పెద్ద ఆపరేషను జరగవలసి వస్తే, మత్తు డాక్టరును ఈ మాటలు అడగమని చెప్పండి: 'ఆపరేషను తర్వాత నొప్పికి ఏమి చేస్తారు? నాడీ అవరోధం మాకు సరిపడుతుందా? దాని ప్రభావం ఎంతసేపు ఉంటుంది?' రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, ఏదైనా మందు పడకపోతే ముందే చెప్పాలి. 'సున్నా నుంచి పది వరకు మీ నొప్పి ఎంత?' అని నర్సు అడిగితే ఉన్నదున్నట్లు చెప్పాలి. బిడియపడి తక్కువ చెబితే, తగిన మందు అందదు.

ఇవి ఆలోచించండి

1. మిరప మంటకు నీళ్ళతో కడిగితే పోదు. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడిగితే తగ్గుతుంది. ఎందుకు? వైన్‌బర్గ్ విరుగుడుకూ దీనికీ ఉన్న పోలిక ఏమిటి?

2. మోకాలికి దెబ్బ తగలగానే అరచేత్తో రుద్దుకుంటాం. స్పర్శ వార్తలు నొప్పి వార్తలకంటె వేగంగా పోతాయి. వెన్నుపాములో ఏమి జరుగుతుండవచ్చు?

3. చిలుకలకు మిరప ఘాటు తెలియకపోవటం వల్ల మిరప మొక్కకు కలిగే లాభమేమిటి?